ఉభయకుశలోపరి

మన పెద్దలు ఉత్తరము వ్రాయ మొదలుపెట్టగనే కాగితముపై పడు తొలిమాట 'ఉభయకుశలోపరి'. నీవు కుశలము, నేను కుశలము, ఆపైన వ్రాయునది యేమనగా, అని దాని భావము. చిన్నతనమున ఈ మాట నాకొక మంత్రమువలె తోచెడిది. పెరిగి పెద్దవాడనై, తెలుగు పాఠములు చెప్పి బ్రదుకు వృత్తిలో పడిన తరువాత గాని దీనిలోని తమాషా తెలియలేదు. అవతలివాడు కుశలముగా ఉన్నాడో లేడో తెలిసికొనుటకే గదా ఉత్తరము వ్రాయుచున్నాము! తెలియకముందే అతడు కుశలమని మనమే తేల్చివేయుచున్నాము. మన కుశలము సంగతియు అంతే. ఇంట బియ్యము నిండుకొన్నను, ఇల్లాలు మంచము పట్టియున్నను, మొదటి పంక్తిలో మాత్రము కుశలమే. అసలు వార్త ఆ 'ఉపరి' తరువాత రావలెను. ఒక్కొక్కప్పుడు అదియు రాదు.

గడచిన నాలుగేండ్లుగా నేను మా నాన్నగారికి లేఖకుడను. నీటికాసుల వలన వారికి చూపు తగ్గినది. వచ్చిన ఉత్తరములు చదివి వినిపించుట, వారు చెప్పిన జాబులు వ్రాయుట నా పని. భారతము వ్రాయించునప్పుడు వ్యాసుడు వినాయకునకు ఒక షరతు పెట్టినాడందురు: అర్థము చేసికొనిన తరువాతనే వ్రాయవలెనని. నాకు అట్టి షరతు ఎవరును పెట్టలేదు. పెట్టియుండిన బాగుండెడిది.

నాన్నగారు కాకినాడ పిఠాపురం రాజావారి కళాశాలలో చదివి 1960లో బి.ఏ. పట్టా పుచ్చుకొన్నారు. ఆ కళాశాల ప్రసక్తి రాగానే రఘుపతి వేంకటరత్నంనాయుడుగారి పేరు ఎత్తుట వారికి అలవాటు. నాయుడుగారు అచ్చట ప్రిన్సిపాలుగా ఉన్నది ఇరువదవ శతాబ్దపు తొలి యేండ్లలో; గతించినది 1939లో. నాన్నగారు పుట్టినది కూడ ఆ యేడే. ఒక్కనాడైనను కంట చూడని మనిషిని 'మా ప్రిన్సిపాలుగారు' అని చెప్పుకొనుట ఆ తరమువారికే చెల్లినది.

వారి తరగతిలో నలుబదిమందికి పైగా ఉండెడివారట. పట్టా పుచ్చుకొని పాతికేండ్లు నిండిన 1985లో, అందులో పదునొకండుగురు ఒక ఏర్పాటు చేసికొన్నారు. ఒకరు ఉత్తరము వ్రాసి రెండవవారికి పంపవలెను. రెండవవారు దానిని చదివి, తమది జతచేసి, రెండింటిని మూడవవారికి పంపవలెను. ఇట్లు పదునొకండు ఉత్తరములు చేరిన కట్ట తిరిగి మొదటివానికి వచ్చును. అతడు తన పాత ఉత్తరమును తీసివేసి, క్రొత్తది పెట్టి, మరల పంపును. ఎవరును పది దినములకు మించి కట్టను ఇంట ఉంచుకొనరాదు. ఈ కట్టకు వారు పెట్టుకొన్న పేరు 'పాసింజరు'. ప్రతి స్టేషనులోను ఆగును; ఎప్పుడు వచ్చునో ఎవరును చెప్పలేరు; కాని వచ్చితీరును. టెక్కలిలో బయలుదేరి కాకినాడ, ముమ్మిడివరము, రాజమహేంద్రవరము, ఏలూరు, బెజవాడ, గుంటూరు మీదుగా హైదరాబాదు చేరి వెనుకకు మరలును. చుట్టు తిరిగి వచ్చుటకు నాలుగు మాసములు పట్టెడిది.

నాన్నగారు కట్టనుండి తీసివేసిన తమ పాత ఉత్తరములను ఒక రేకుపెట్టెలో దాచినారు. వేసవి సెలవులలో వానిని వరుసగా పేర్చి చదివినాను. తొలినాళ్ళ ఉత్తరములు నాలుగేసి పుటలు: ఆడపిల్లల సంబంధములు, బదిలీలు, ఇంటిస్థలములు, ఎవరి కుమారునికి ఎంసెట్టులో ఎంత ర్యాంకు వచ్చినదను సమాచారము. 1997లో నాన్నగారు హైస్కూలు హెడ్మాస్టరుగా విశ్రాంతి పొందిరి. ఆ ప్రాంతమున ఉత్తరములనిండ పింఛను లెక్కలే. అటుపై కంటి ఆపరేషనులు, చక్కెర, మోకాళ్ళు. నేను గమనించిన చిత్రమేమనగా, యేండ్లు గడచినకొలది అక్షరములు పెద్దవగుచు వచ్చినవి, వార్తలు చిన్నవగుచు వచ్చినవి. చివరి యుత్తరములలో ఒక్కొక్కరిది అరపుటకు మించదు. అయినను ఆ అరపుటలో ఒక పంక్తి తప్పక కాకినాడ హాస్టలు గురించియే ఉండును. మనుష్యుడు ముసలితనమున నెమరువేయు జ్ఞాపకములలో పదియవ యేటికిని ముప్పదియవ యేటికిని నడుమ జరిగినవే హెచ్చుగా ఉండునని మనోవిజ్ఞానులు చెప్పుచున్నారు. ఈ కట్ట చూచినవారికి ఆ మాట వేరుగా నిరూపింప నక్కరలేదు.

వీరికి టెలిఫోనులు లేక కాదు. ఒకరి మనుమడు పూనుకొని వాట్సాపులో వీరందరికి ఒక బృందము కూడ ఏర్పరచినాడు. అందులో ప్రతి ఉదయము పూవులు, ఉదయించు సూర్యుడు, దేవతల పటములు కుప్పలుగా వచ్చిపడెడివి. నాన్నగారు వారము దినములు చూచి, "ఇది రైలు కాదురా, ప్లాట్‌ఫారం. అందరూ అరుస్తారు, ఎవరూ ఎక్కరు" అన్నారు. ఫోనును నేను అంత తీసివేయను. అర్ధరాత్రి ఆసుపత్రికి పరుగెత్తవలసినప్పుడు పాసింజరు పనికిరాదు. కాని వ్రాయునప్పుడు మనిషి కొంత ఆలోచించును; ఏమి చెప్పవలెను, ఏమి దాచవలెనని తూచుకొనును. దాచినదానిని పట్టుకొనవలెనన్న చదువరికిని తీరిక కావలెను.

నేను ప్రతి సంవత్సరము తరగతిలో కుచేలోపాఖ్యానము చెప్పుదును. చెప్పినప్పుడెల్ల ఎవడో ఒక విద్యార్థి లేచి, "మాస్టారూ, ద్వారకకు రాజు లాంటివాడు కదా కృష్ణుడు! ఇన్నాళ్ళూ ఒక్క కబురైనా పంపలేదేం?" అని అడుగును. న్యాయమైన ప్రశ్న. ఇద్దరును సాందీపని వద్ద ఒక్కచోట చదివినవారు. ఒకడు ఐశ్వర్యములో తేలుచుండగా రెండవవాడు పిల్లలకు కూడు పెట్టలేకున్నాడు. నడుమ ఎన్ని యేండ్లు గడచినవో కథలో లేదు. దీనికి నావద్ద సమాధానము లేదు. అయితే ఆ కబురులేని కాలము ముగిసిన దినమున జరిగినదేమో చూడుడు. కుచేలుడు భార్య పోరు పడలేక, చినిగిన వస్త్రపు కొంగున అటుకులు ముడివేసికొని ద్వారకకు పోయినాడు. కృష్ణుడు ఎదురువచ్చి, కాళ్ళు కడిగి, తన పాన్పుపై కూర్చుండబెట్టుకొని అడిగినదేమి? 'ఎందుకు వచ్చితివి?' అని కాదు. 'ఎట్లున్నావు, చిక్కిపోయితివేమి?' అనియు కాదు. చదువు ముగిసిన తరువాత తగిన యిల్లాలు లభించినదా అని అడిగి, వెంటనే గురుకులములోనికి వెళ్ళిపోయినాడు. గురుపత్ని కట్టెలకు పంపిన దినము నీకు జ్ఞాపకమున్నదా? అడవిలో గాలివాన పట్టినది, దారి తెలియలేదు, తెల్లవార్లు ఒకరి చేయి ఒకరము పట్టుకొని తిరిగితిమి, ఉదయమున గురువుగారు మనలను వెదకుచు వచ్చిరి, అని. చిరిగిన బట్ట ఎదుట కనబడుచుండగా దానిని చూడనట్లు మాటలాడుటయే అచ్చటి మర్యాద. అటుకుల మూట మాత్రము తానే లాగికొన్నాడు. కుచేలుడు నోరు తెరచి అడిగినదియు లేదు. కృష్ణుడు ఎదుట ఇచ్చినదియు లేదు. ఇచ్చినది ఇంటికి పోయిన తరువాత కనబడినది.

ఇదే ఘట్టమునకు ఎదురుగా భారతములో ద్రోణద్రుపదుల కథ ఉన్నది. వారును సహాధ్యాయులే. అగ్నివేశ్యుని వద్ద కలిసి విలువిద్య నేర్చినారు. బిడ్డకు పాలు లేక, పిండినీళ్ళనే పాలనుకొని అశ్వత్థామ గంతులు వేయుట చూడలేక ద్రోణుడు పాంచాలరాజు వద్దకు పోయి, 'నేను నీ మిత్రుడను' అన్నాడు. స్నేహము సమానులకే గాని రాజునకు, బీదవానికి స్నేహమేమని ద్రుపదుడు తిప్పికొట్టినాడు. ఆ ఒక్క మాటనుండి ఎంత వచ్చినదో విద్యార్థులకు తెలిసినదే: అర్జునుడు ద్రుపదుని కట్టి తెచ్చుట, సగము రాజ్యము పోవుట, యజ్ఞకుండమున ధృష్టద్యుమ్నుడు పుట్టుట, చివరకు కురుక్షేత్రమున ద్రోణుని తల తెగుట. ఒక ఆవునిచ్చి పంపియుండిన సరిపోయెడిది.

పరీక్షలలో ఈ రెండు కథలను పోల్చి వ్రాయుమని నేనే ఎన్నో పర్యాయములు ప్రశ్న ఇచ్చినాను. సమాధానములకు మార్కులు కూడ వేసినాను. కాని దాని భావము నాకు పుస్తకమునుండి గాక పాసింజరు కట్టనుండియే తెలిసినది.

1996 నవంబరు 6వ తేదీ రాత్రి కోనసీమపై పడిన తుపానును ఈ ప్రాంతమువారు మరువలేరు. వేయిమందికి పైగా మరణించినారు. లక్షలాది కొబ్బరిచెట్లు మొదళ్ళతో కూలినవి. కోనసీమలో కొబ్బరిచెట్టు కూలుట యనగా ఏటి పంట పోవుట కాదు. మరల మొక్క పాతి, అది కాపునకు వచ్చుటకు ఆరేడేండ్లు పట్టును. అందాక ఏమి తినవలెను?

నాన్నగారి సహాధ్యాయి ఒకరికి ముమ్మిడివరము వైపు నాలుగెకరముల కొబ్బరితోట ఉండెడిది. కాకినాడలో చదువుకొను దినములలో ఈయన ఇంటినుండి లేతబొండాలు బస్తాలతో తెప్పించి హాస్టలులో గదిగదికిని పంచెడివాడట. అందువలన 'బొండాం' అను బిరుదు వచ్చినది. పెద్దవారిని అట్లనుట మర్యాద కాదు. అయినను ఆ పదునొకండుగురిలో ఎవరును ఆయనను వేరుపేరుతో పిలువగా నేను వినలేదు. తుపాను తరువాత పాసింజరు ఆయన యింటికి చేరుసరికి సంక్రాంతి దాటినది. ఎప్పుడును నాలుగు పుటలకు తక్కువ వ్రాయని మనిషి ఆ తడవ రెండే పంక్తులు వ్రాసినాడు: "గాలివానకు నాలుగు చెట్లు పడ్డాయి. తక్కినదంతా క్షేమం."

రాజమహేంద్రవరములో మా నాన్నగారు దానిని చదివి నమ్మినారు. 'పోనీలే, బొండాం అదృష్టవంతుడు' అన్నమాట నాకు జ్ఞాపకమున్నది. కట్ట ఏలూరు చేరినది. అచ్చటి సహాధ్యాయి ప్లీడరు. తరగతిలో పేరు 'లా పాయింటు'. ఆయన వృత్తి ధర్మముగా సాక్షి ఏమి చెప్పినాడని గాక, ఎంత తక్కువ చెప్పినాడని చూచినాడు. మరునాడే బస్సెక్కి ముమ్మిడివరము పోయినాడు. తోటలో నిలిచియున్న చెట్లు నాలుగు. పడినవి తక్కినవన్నియు.

ప్లీడరుగారు ఓదార్పు మాట ఒక్కటియు అనలేదట. కూలిన చెట్లమధ్య తిరిగి, చేతికఱ్ఱతో రెండుమూడింటిని తట్టి చూచి, "పెరట్లో పశువులపాక వేస్తున్నానురా. వాసాలకు దుంగలు కావాలి. ఇవన్నీ నావే. ఇంకెవరికీ మాట ఇవ్వకు, బయానా పుచ్చుకో" అన్నాడట. ఏలూరునకు తిరిగివచ్చి, పాసింజరులో ఈ సంగతి ఒక్క అక్షరము వ్రాయక, తక్కినవారికి విడివిడిగా కార్డులు వ్రాసినాడు. మా యింటికి వచ్చిన కార్డును నాన్నగారు చదివి చింపివేసినారు. బయానా యెంతయో, అందులో మా వంతెంతయో మా అమ్మకు కూడ చెప్పలేదు. ఆ వేసవిలో మా యింట కట్టవలసిన వంటయింటి వసారా మాత్రము కట్టలేదు.

ప్లీడరుగారికి పశువులు లేవు, పెరడు లేదు, ఉండునది మేడమీది అద్దె వాటా. ఈ సంగతి బొండాంగారికి 1998లో గాని తెలియలేదు. ఏదో పెండ్లికి ఏలూరు పోయి, స్నేహితుని చూడవచ్చి, మెట్లెక్కి పైకి పోయి, చుట్టును చూచి, కాఫీ త్రాగి, మారు మాటాడక వచ్చినాడట. తరువాతి పాసింజరులో ఆయన ఉత్తరపు చివర ఇట్లున్నది: "ఒరేయ్ లా పాయింటూ, దుంగలకు చెద పడుతోంది. బండి ఎప్పుడు తోలుకొస్తావు?" దానికి ప్లీడరుగారి జవాబు: "దస్తావేజు వెతుకుతున్నాను. దొరకగానే వస్తాను." అంతే. అది మొదలు చుట్టుచుట్టుకును ఆయన దుంగల మాట ఎత్తుట, ఈయన వాయిదా కోరుట జరుగుచునే ఉన్నది. ఇరువదియారేండ్లలో డబ్బు మాట ఇరుప్రక్కల ఏనాడును రాలేదు. 2004లో క్రొత్తమొక్కలు కాపునకు వచ్చినవి. ఆ సంక్రాంతికి పాసింజరు ఆగు ప్రతి యింటను ఒక కొబ్బరికాయల బస్తా దిగినది. మా బస్తాపై 'దుంగల తాలూకు వడ్డీ' అని రంగుతో వ్రాసియున్నది. ఆనాటినుండి ఏటేటను వడ్డీ వచ్చుచునే ఉన్నది.

ఇట్టి దుంగల బేరమొకటి అమెరికా సాహిత్యచరిత్రలో కూడ కలదు. మేన్ రాష్ట్రమున బౌడన్ అను చిన్న కళాశాల ఉన్నది. అచ్చట 1825లో పట్టము పొందిన తరగతిలో కవి లాంగ్‌ఫెలో, కథకుడు నథానియల్ హాథార్న్ ఇద్దరును ఉన్నారు. చదువు ముగిసిన పండ్రెండేండ్లకు లాంగ్‌ఫెలో హార్వర్డులో ఆచార్యుడై వెలుగుచున్నాడు. హాథార్న్ తల్లియింట ఒక గదిలో తలుపులు వేసికొని, పేరు లేకుండ పత్రికలకు కథలు వ్రాయుచున్నాడు. ఆ కథలను గ్రంథముగా వేయుటకు ప్రచురణకర్తలు జంకిరి. అప్పుడు అదే తరగతిలో చదివిన హొరేషియో బ్రిడ్జ్ అను స్నేహితుడు, నష్టము వచ్చినచో 250 డాలర్ల వరకు తాను భరింతునని ప్రచురణకర్తకు హామీ ఇచ్చినాడు. ఈ సంగతి హాథార్నునకు తెలియనీయలేదు. 1837లో గ్రంథము వెలువడినది. హాథార్న్ దానిని లాంగ్‌ఫెలోకు పంపి ఒక జాబు వ్రాసినాడు. కళాశాలలో వారిద్దరికి గాఢస్నేహమేమియు లేదు. అయినను లాంగ్‌ఫెలో ఆ యేడే ఒక ప్రసిద్ధ పత్రికలో దానిని మెచ్చుకొనుచు సమీక్ష వ్రాసినాడు. హాథార్న్ పేరు పదిమందికి తెలియుటకు ఆ సమీక్ష ఎంతయో తోడ్పడినది. వారికంటె ఒక్క తరగతి పైన చదివిన ఫ్రాంక్లిన్ పియర్స్ 1853లో ఆ దేశాధ్యక్షుడై హాథార్నును లివర్‌పూలునకు కాన్సలుగా పంపినాడు. 1864 మేలో హాథార్న్ తుదిశ్వాస విడిచినప్పుడు వెంట ఉన్నవాడు కూడ ఆ పియర్సే. ఆరోగ్యము కొరకు ఇద్దరును కలిసి ప్రయాణము చేయుచుండిరి.

అదే దేశమున హార్వర్డువారు 1938లో 268 మంది విద్యార్థులను ఎన్నుకొని, వారి జీవితములను చివరివరకు గమనించుచు ఒక పరిశోధన నడపినారు. తరువాత బోస్టను నగరపు పేదవాడల బాలురను కూడ చేర్చినారు. ఎనుబదియేండ్లకు పైగా సాగిన ఆ పని తేల్చినదానిలో ముఖ్యమైనది, ముసలితనమున ఆరోగ్యమునకును సంతోషమునకును ధనముకంటె, పేరుకంటె ఆత్మీయసంబంధములు హెచ్చుగా తోడ్పడునని. నాన్నగారికి ఈ సంగతి చదివి వినిపించినాను. "దానికి ఎనభై యేళ్ళు పట్టిందా?" అన్నారు.

సహాధ్యాయి గతించిన తరువాత మిగిలినవాడు ఏమి చేయవలెను? లాంగ్‌ఫెలో 1875లో, తమ తరగతికి ఏబదియేండ్లు నిండిన దినమున, బౌడనునకు పోయి మిగిలినవారి ఎదుట ఒక దీర్ఘకవిత చదివినాడు. మన తెలుగునాట అంతకంటె గొప్ప ఉదాహరణమున్నది. కడియెద్దలో చర్ల బ్రహ్మయ్యశాస్త్రిగారి వద్ద కలిసి చదివిన దివాకర్ల తిరుపతిశాస్త్రి, చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి గార్లు జంటగా అవధానములు చేసి, తిరుపతి వేంకటకవులని ప్రఖ్యాతులైరి. తిరుపతిశాస్త్రిగారు 1920లో గతించినారు. వేంకటశాస్త్రిగారు ఆపైన ముప్పదియేండ్లు, 1950 వరకు జీవించిరి. ఆ ముప్పదియేండ్లలో తామొక్కరే వ్రాసిన గ్రంథములు కూడ జంట పేరుతోనే వెలువరించిరి. దీనిని కొందరు కవిసమయమువలె చెప్పుకొందురు. నాకట్లు తోచదు. ఒకరి ముందు ఒకరు పద్యపాదము చెప్పి, రెండవవాని ముఖము చూచి సరిదిద్దుకొనుటకు అలవాటు పడిన మనిషి, ఆ ముఖము లేకపోయినను దానివంక చూచియే వ్రాయును. అట్టి పద్యము ఇద్దరిది గాక మరియేమి?

పాసింజరునకును అట్టి నియమమొకటి తనంతట ఏర్పడినది. కట్టపైన పదునొకండుగురి చిరునామాలున్న అట్ట ఒకటి ఉండును. ఎవరైనను గతించినప్పుడు ఆ పేరు కొట్టివేయరు. ప్రక్కన ఒక చుక్క పెట్టుదురు. ఎవరి ఉత్తరమును వారే తీయవలెనను నియమము కలదు గదా. పోయినవాడు వచ్చి తీయలేడు. కావున ఆయన చివరి యుత్తరము కట్టలోనే నిలిచి చుట్టు తిరుగుచుండును. నిరుటికి చుక్కలు ఆరు. క్రొత్తగా వ్రాయువారు అయిదుగురే అయినను కట్ట బరువు తగ్గలేదు.

నిరుడు శ్రావణమాసమున నాన్నగారు స్నానాలగదిలో జారిపడి తుంటియెముక విరుగగొట్టుకొన్నారు. ఆపరేషనైనది. ఎనుబదియైదు దాటిన మనిషి. లేచి కూర్చుండుటకే రెండు మాసములు పట్టినది. ఆ నడుమ, ఆశ్వయుజమున, ముమ్మిడివరమునుండి ఫోను వచ్చినది. బొండాంగారి కుమారుడు. "నాన్న రాత్రి నిద్దరలోనే పోయారండి. మామయ్యగారికి మెల్లిగా చెప్పండి" అన్నాడు. నేను చెప్పలేదు. మొదట వైద్యుడు కట్టు విప్పనీ అనుకొన్నాను. విప్పిన తరువాత నడువనీ అనుకొన్నాను.

కార్తికమున పాసింజరు వచ్చినది. అట్టపై ఏడవ చుక్క ఉన్నది. నాన్నగారు గోడకు చేరగిలి కూర్చుండి, "ముందు బొండాంది చదువు" అన్నారు. కట్టలో ఉన్నది ఆయన పాత ఉత్తరము. వెనుకటి చుట్టులో నేనే చదివి వినిపించినది. దానిని మరల చదివిన గుర్తుపట్టుదురు. కాగితము చేత పట్టుకొని, లేని ఉత్తరమొకటి కల్పించి చదివినాను. ముప్పదియేండ్లు విద్యార్థులకు లేఖారచన నేర్పినవాడను, కష్టము కాలేదు. వానలు బాగుగా పడినవన్నాను. మనుమరాలికి బెంగుళూరులో ఉద్యోగము వచ్చినదన్నాను. ఎడమమోకాలు నొప్పి యన్నాను. హాస్టలు వంటవాని పులుసు సంగతి కూడ ఒక పంక్తి చేర్చినాను. ప్లీడరుగారి ఉత్తరములో సగము దాటవేసినాను.

నాన్నగారు కన్నులు మూసికొని విన్నారు. అంతయు అయిన తరువాత, "దుంగల మాట లేదూ?" అన్నారు.

"లేదండీ" అన్నాను.

"సరే. మడిచిపెట్టు."

నాలుగు దినములు ఆ ప్రసక్తి తేలేదు. అయిదవనాటి ఉదయము కాఫీ త్రాగి, "కాగితం తీయి. లా పాయింటుకు" అన్నారు. వారు చెప్పినది చెప్పినట్లు వ్రాసినాను:

"ఒరేయ్ లా పాయింటూ, ఉభయకుశలోపరి. తుంటి అతుక్కుంటోంది. మావాడు ఉత్తరాలు బాగానే చదువుతున్నాడు. ఒక్కొక్కప్పుడు సొంతంగా కూడా చదువుతున్నాడు. నువ్వింక దస్తావేజు వెతకనక్కరలేదు. వాడి దగ్గర ఇరవయ్యేళ్ళు వడ్డీ తిన్నాం. కొడుకు ఎలా ఉన్నాడో ఎవరైనా వెళ్ళి చూశారా? ఫోనులో అంతా క్షేమమే అంటాడు. వాడి కొడుకే కదా. నేను కదలలేను. నువ్వూ బస్సెక్కే వయసులో లేవు. మావాణ్ణి పంపుతాను."

నా కలము ఆగినది.

"ఆగావేం? రాయి. తేదీ కూడా వెయ్యి" అన్నారు. కొంత తడవైన తరువాత, "ఇప్పుడు బొండాం ఉత్తరం చదువు. అసలుది" అన్నారు.

తీసి చదివినాను. అరపుటయే గదా. చివరి పంక్తికి వచ్చుసరికి నాకన్న ముందుగా వారే చెప్పివేసినారు.

కట్టను మరునాడు హైదరాబాదునకు పంపి, ఆదివారమునాడు నేను ముమ్మిడివరము బస్సెక్కినాను.